గిద్యోను భయం, నా మ్యాథ్స్ భయం, మూడో అటెంప్ట్

అందరికీ వందనాలు. నేను రాసిన పోటీ పరీక్షలో మొదటి మెట్టు అయిన ప్రిలిమ్స్ రిజల్ట్ వచ్చినప్పటి నుంచి ప్రిపరేషన్ ఎలా చేశావు అని చాలామంది అడుగుతున్నారు. బుక్ లిస్టు, టైమ్ టేబుల్ అందరి దగ్గరా ఉన్నవే కాబట్టి వాటి జోలికి పోను. నన్ను రెండు అటెంప్టులు ఆపింది భయం, దాని గురించే రాస్తా. నేను యేసు ప్రభువుని నమ్ముకున్నవాణ్ణి, ఆ నమ్మకాన్ని పక్కన పెట్టి ఈ విషయం చెప్పడం నాకు చేతకాదు, అందుకే అదీ కలిపే రాస్తున్నా.

నా వీక్ ఏరియా మ్యాథ్స్. పర్సెంటేజీల దాకా ఏదోలా నెట్టుకొచ్చేవాణ్ణి, టైమ్ అండ్ వర్క్, డేటా ఇంటర్‌ప్రిటేషన్ వచ్చాయంటే మాత్రం చేతులు చల్లబడిపోయేవి. మొదటి అటెంప్ట్‌లో అసలు దాన్ని ముట్టుకోలేదు, వచ్చిన హిస్టరీనే నాలుగోసారి రివిజన్ చేస్తూ కూర్చున్నా, రోజుకి పది గంటలు చదివానన్న తృప్తి మాత్రం ఉండేది. మాక్ టెస్టులు కూడా రాయలేదు. సిలబస్ అయ్యాక రాద్దాంలే అని అందరికీ చెప్పేవాణ్ణి కానీ అసలు సంగతి స్కోర్ చూడాలంటే భయం, అంతే.

రెండో అటెంప్ట్ ఇంకా బాధ. మొదటి మ్యాథ్స్ ప్రశ్న దగ్గరే పది నిమిషాల పైన ఆగిపోయా, వదిలేస్తే ఓడిపోయినట్టే అనిపించింది, దాంతో టైమ్ అయిపోయి చివర్లో పన్నెండు ప్రశ్నలకి గుడ్డిగా బబుల్స్ నింపేశా. వాటిలో రెండే కరెక్ట్. తప్పుకి మూడోవంతు మార్కు కట్ అంటే పది తప్పులకి 3.33 పోయింది, వచ్చిన రెండూ తీసేస్తే 1.33 మైనస్. కటాఫ్‌కి ఒక్క మార్కు దూరంలో ఆగిపోయా. ఆ పన్నెండూ ఖాళీగా వదిలేసినా గట్టెక్కేవాణ్ణి ఫ్రెండ్స్, ఆ లెక్క వేసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ప్రార్థన చెయ్యలేదా అంటే రోజూ చేశా. ప్రభువా ఈ భయం తీసెయ్ అని ఒకటే మాట. పోలేదు. పైగా దేవుడు మనకి పిరికితనం గల ఆత్మ ఇవ్వలేదు కదా అని బైబిల్లో తిమోతి పత్రికలో మాట ఎవరైనా గుర్తుచేస్తే ఇంకా కుంగిపోయేవాణ్ణి. ఆ వాక్యం సత్యమే, నాకు ఎంతో ఇష్టం కూడా, కానీ నేను దాన్ని తప్పుగా పట్టుకున్నా. భయం వేస్తోందంటే నాకు విశ్వాసం లేదన్నమాట అనుకున్నా. దాంతో ఎగ్జామ్ భయం ఒకటి, భయపడుతున్నానని ఎవరికైనా తెలుస్తుందేమో అన్న భయం ఇంకొకటి, రెండూ మోసుకుని తిరిగా.

ఆ రోజుల్లోనే బైబిల్లో న్యాయాధిపతులు గ్రంథం 7వ అధ్యాయం చదివా. మిద్యానీయుల మీద యుద్ధానికి ఇశ్రాయేలీయుల్ని నడిపించిన గిద్యోను కథ చిన్నప్పటి నుంచి తెలిసిందే, 32,000 మందిలో భయపడేవాళ్లు వెళ్లిపోవచ్చు అంటే 22,000 మంది వెళ్లిపోయారు, మిగిలిన 10,000 మందిని నీళ్ల దగ్గర పరీక్షిస్తే 300 మంది మిగిలారు. ఇదంతా ఎన్నిసార్లు విన్నానో. కానీ ఎప్పుడూ ఆగి చూడని వచనం ఒకటుంది అక్కడ, 10వ వచనం. దండు మీదికి దిగిపొమ్మని చెప్పి దేవుడే అంటాడు, వెళ్లడానికి నీకు భయమైతే నీ పనివాడు పూరాని వెంటబెట్టుకుని వెళ్లు అని. తర్వాతి వచనంలో గిద్యోను పూరాని తీసుకునే వెళ్లాడు! అంటే ఏంటి, భయం వేసింది అన్నమాటే కదా. భయపడిన 22,000 మంది ఇంటికి పోయారు, వాళ్ల నాయకుడు కూడా భయపడుతూనే ఉన్నాడు, దేవుడు ఆయన్ని ఇంటికి పంపలేదు. ఎందుకు భయపడ్డావ్ అని ఒక్క మాట కూడా అనలేదు, తోడు ఇచ్చి పంపాడు. మిద్యానీయులకి కనబడకుండా గానుగ చాటున గోధుమలు దుళ్లగొట్టుకుంటున్నవాణ్ణే కదా అంతకుముందు దేవుని దూత పరాక్రమం గల బలాఢ్యుడా అని పిలిచింది. నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు ఏడ్చా, చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

మరి నాకు పూరా ఎవరు? మా రీడింగ్ రూమ్‌లో ఒక తమ్ముడు ఉన్నాడు, నాకంటే నాలుగేళ్లు చిన్న, మ్యాథ్స్‌లో దిట్ట. వాణ్ణి అడగడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. సీనియర్‌ని అయ్యుండి టైమ్ అండ్ వర్క్ రాదని ఎలా చెప్పడం? గిద్యోను పక్కన నడిచింది కూడా సేనాధిపతి కాదు పనివాడే అని గుర్తు చేసుకుని చివరికి ఒకరోజు వెళ్లి, తమ్ముడూ నాకు ఇది రాదు, ఎగ్జామ్‌లో చూస్తే వణుకొస్తుంది అని చెప్పేశా. వాడు నవ్వలేదు. రండి అన్నా ముందు ఎల్‌సీఎమ్ (క.సా.గు.) పద్ధతి చూద్దాం అన్నాడు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం నలభై నిమిషాలు వాడితో కూర్చున్నా.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి, నా మ్యాథ్స్ అద్భుతంగా ఏం మారిపోలేదు. ఇప్పటికీ స్లో నే. రెండో కొరింథీ పత్రిక 12వ అధ్యాయంలో పౌలు కూడా తన శరీరంలో ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు, ఆ ముల్లు ఏంటో బైబిల్లో చెప్పలేదు, తీసేసినట్టు కూడా రాయలేదు, "నా కృప నీకు చాలును" అన్న మాట మాత్రం వచ్చింది. దాని ముందు అధ్యాయం చూడండి, గొప్పలు చెప్పుకునేవాళ్లకి జవాబుగా పౌలు తన బలహీనతల గురించే అతిశయపడతా అంటూ ఏం చెప్పాడంటే దమస్కులో కిటికీలోంచి గంపలో దింపితే తప్పించుకున్నా అని. అంత పెద్ద అపొస్తలుడు రాసుకున్నది అదీ. నేనేమో మాక్ స్కోర్ 41 వస్తే స్క్రీన్ మూసేసి అటూ ఇటూ చూసేవాణ్ణి. ఆ తర్వాత నా స్కోర్లన్నీ పెద్ద అక్షరాలతో టేబుల్ ముందు గోడకి అంటించా, 41, 38, 47, 44, 52, వరసగా. దాచేది ఏమీ లేనప్పుడు తప్పులు చూసుకోవడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది.

భయం కోసం ఇంకో పని చేశా. కీర్తనల్లో 13వది చూడండి, ఆరే వచనాలు, మొదటి రెండిట్లోనే ఎంతకాలం ఎంతకాలం అని నాలుగుసార్లు అడుగుతాడు దావీదు. దేవుడితో అలా మాట్లాడొచ్చన్నమాట. నేనూ మాక్ టెస్ట్ ముందు పది నిమిషాలు నోట్‌బుక్‌లో నా భయాలన్నీ ప్రార్థనగా రాయడం మొదలుపెట్టా, ఫెయిలైతే నాన్న మొహం ఎలా చూడాలి, వయసు అయిపోతోంది, అన్నీ. తర్వాత తెలిసింది ఏంటంటే 2011లో చికాగో యూనివర్సిటీ పరిశోధకులు ఇలాంటిదే పరీక్షించి చూశారట, ఎగ్జామ్ ముందు పది నిమిషాలు తమ ఆందోళన గురించి రాసిన విద్యార్థుల్లో, ముఖ్యంగా బాగా భయపడేవాళ్లకి, మార్కులు మెరుగయ్యాయని. బుర్రలో తిరిగే ఆలోచనలు కాగితం మీదికి వస్తే లెక్క చెయ్యడానికి చోటు మిగులుతుందని వాళ్ల వివరణ. నాకైతే ఆ కాగితం చదివేవాడు ఒకడున్నాడన్న ధైర్యం దానికి తోడు.

నిద్ర లేకుండా వారాల తరబడి గుండె దడ ఉంటే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లండి ప్లీజ్, అది అవిశ్వాసం కాదు, పౌలుకి ప్రియుడైన లూకా కూడా వైద్యుడే.

మూడో అటెంప్ట్ రోజు పేపర్ తెరవగానే చేతులు మళ్లీ చల్లబడ్డాయి, భయం ఎక్కడికీ పోలేదు. కళ్లు మూసుకుని ప్రభూ భయంగా ఉంది, నాతో రా అన్నా, ఊపిరి నెమ్మదిగా వదిలా, హిస్టరీ నుంచి మొదలుపెట్టా. మ్యాథ్స్ 25లో పన్నెండే చేస్తానని ముందే అనుకున్నా, పదమూడు ఖాళీగా వదిలేశా. వదిలేస్తున్నప్పుడు లోపల చిన్న నొప్పి ఉంది, కానీ చెయ్యి ఆగలేదు. రెండు ఆప్షన్లు కచ్చితంగా తీసేయగలిగిన చోట మాత్రమే గెస్ చేశా, ఎందుకంటే గుడ్డిగా పెడితే నాలుగిట్లో ఒకటి కరెక్ట్, మూడు తప్పు, వచ్చిన మార్కు మొత్తం పోతుంది, రెండు తీసేస్తే లెక్క మనవైపు తిరుగుతుంది.

క్వాలిఫై అయ్యా. లిస్టులో నా నంబర్ చూసి ముందు ఫోన్ చేసింది తమ్ముడికే.

ఇప్పుడు మెయిన్స్. ఎస్సే పేపర్ అంటే అదే వణుకు మళ్లీ మొదలైంది, కానీ ఈసారి రెండేళ్లు దాచలేదు, మొదటి వారంలోనే ఒకటి రాసి తమ్ముడికిచ్చా, ఇంట్రో మొత్తం ఎర్ర పెన్నుతో కొట్టేసి తిరిగిచ్చాడు. ఇవాళ సాయంత్రం మళ్లీ రాస్తా.