బొంగు చికెన్ లాగ్: ఆరు విడతలు, ఇరవై రెండు బొంగులు

లక్ష్యం ఒకటే. సంక్రాంతి తర్వాత బంధువులూ స్నేహితులూ కలిసి పద్నాలుగు మంది తూర్పు కనుమల్లోని మారేడుమిల్లి వెళ్ళినప్పుడు, పచ్చి వెదురు బొంగులో కూరి నిప్పుల మీద ఉడికించే బొంగు చికెన్ అక్కడి పొయ్యిల దగ్గర కొనుక్కోవడమే కాకుండా, మన చేత్తో కూడా చేసి వడ్డించాలి. అందుకు సెప్టెంబరు చివర మొదలుపెట్టిన సాధన ఇది. ప్రతి విడతలోనూ కొలతలు, సమయాలు, చెడినవి, ఎందుకు చెడ్డాయో రాసిపెట్టినవే ఇక్కడ ఉన్నాయి.

మొదటి విడత – సెప్టెంబరు చివర, 2 బొంగులు

రెండూ పోయాయి. వెదురు అడితిలో నిలబెట్టి ఉన్న గెడల్లోంచి కోయించినవి. పైకి లేతాకుపచ్చగానే కనిపించాయి గానీ నరికి వారం దాటింది. పెద్ద మంట మీద పెట్టిన పన్నెండు నిమిషాలకు ఒకటి నిలువునా టప్పున చీలింది, రసమంతా నిప్పులో పడింది. రెండోది ఇరవై నిమిషాలకు పక్కన కాలి బెజ్జం పడింది. విప్పి చూస్తే గోడకు ఆనుకున్న ముక్క మాడింది, నడిమి ముక్క ఎముక దగ్గర ఎర్రగా పచ్చిగానే ఉంది.

కారణం తేలికే. బొంగు కూరలో ఉడికించేది మంట కాదు, తేమ. పచ్చి వెదురు గోడలో ఉన్న నీరు ఆవిరవుతున్నంతసేపూ ఆ గోడ నీరు మరిగే వేడిని దాటి పెద్దగా పైకి పోదు, అందుకే కాలదు. ఆ నీరు లేని వెదురు మామూలు కట్టెపుల్లే.

కాబట్టి వెదురు ఎంచుకోవడమే సగం వంట. పిలక వెదురు వద్దు. పొర ఇంకా గెడకు అంటుకుని, తెల్లటి పిండిలాంటి పూత ఉంటే అది లేత, గోడ మెత్తగా ఉండి వంకర పోతుంది. పసుపు తిరిగింది ముదురు, తేమ తక్కువ. పొర రాలిపోయి, ముదురాకుపచ్చగా, గోటితో గీరితే తడి తగిలేది కావాలి. లాఠీలకు వాడే గట్టి వెదురు లోపల దాదాపు నిండుగా ఉంటుంది, పనికిరాదు. గోడ మందం 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటే మేలు. 5 ఉంటే కాలిపోతుంది, 15 ఉంటే ఉడకడానికి ఇంకో పావుగంట పడుతుంది. పందిళ్ళకీ ఫర్నిచరుకీ పురుగు పట్టకుండా మందు నీళ్ళలో నానబెట్టిన వెదురు ఎంత బాగున్నా వంటకు ముట్టుకోకూడదు. బుట్టలల్లే మేదర్లకు ముందురోజు చెబితే అదే రోజు నరికిన పచ్చి గెడ తెచ్చిపెడతారు. తెచ్చాక తడి గోనెసంచిలో చుట్టి నీడలో ఉంచితే రెండు రోజులు ఆగుతుంది.

కోసే తీరు కూడా ఇక్కడే రాసుకుందాం. కింది కణుపుకు రెండు అంగుళాల దిగువన కోయాలి, అప్పుడు అడుగు నేరుగా నిప్పులో ఆనదు. పై కణుపును తీసేయాలి. రెండు కణుపులూ మూసి ఉన్న ముక్కను నిప్పులో వేస్తే లోపలి గాలీ ఆవిరీ బయటికి పోయే దారి లేక బాంబులా పేలుతుంది. కోసిన వెదురు తుంటలు నిప్పు దగ్గర పడేయకుండా పిల్లల్ని కూడా హెచ్చరించాలి.

రెండో విడత – అక్టోబరు మొదటి వారం, 3 బొంగులు

పచ్చి వెదురు దొరికింది, ఈసారి మసాలా పరీక్ష. బొంగు కొలత ఇలా తీసుకున్నాం: కడిగిన బొంగులో అంచు దాకా నీళ్ళు పోసి, ఆ నీళ్ళను కొలపాత్రలో వంపాలి. 800 మిల్లీలీటర్లు పట్టే బొంగుకు అరకిలో చికెన్ సరిపోతుంది. లోపలి వెడల్పు రెండంగుళాల పైచిలుకు, పొడవు అడుగుంపావు ఉంటే ఇంచుమించు ఇదే లెక్క వస్తుంది. నీళ్ళు పోసినప్పుడే పురుగు తొలిచిన బెజ్జాలుంటే తెలిసిపోతాయి.

అరకిలో ఎముకతో ఉన్న చికెన్‌కి: అల్లం వెల్లుల్లి ముద్ద ఒకటిన్నర టేబుల్ స్పూన్లు, కారం రెండు టీస్పూన్లు, చీరిన పచ్చిమిర్చి నాలుగు, పసుపు అర టీస్పూను, ధనియాల పొడి రెండు టీస్పూన్లు, జీలకర్ర పొడి అర, గరం మసాలా పావు, ఉప్పు ఒకటింపావు టీస్పూను, సన్నగా తరిగిన ఉల్లిపాయ ఒకటి, గుప్పెడు కొత్తిమీర, రెండు రెబ్బల కరివేపాకు, అర చెక్క నిమ్మరసం. ముక్కలు అంగుళానికి కాస్త పైన. అంతకన్నా పెద్దవైతే వంపేటప్పుడు అడ్డం తిరిగి ఇరుక్కుంటాయి.

మొదటి బొంగులో నూనె రెండు స్పూన్లు వేశాం. రెండోదాంట్లో పావు కప్పు పెరుగు. మూడోదాంట్లో నూనె లేదు, పెరుగు లేదు, చుక్క నీళ్ళు లేవు. మూడోదే గెలిచింది, అందులో సందేహమే లేదు. చికెన్‌లో ఉన్న నీరూ కొవ్వూ ఉల్లిపాయ తడీ చాలు. పెరుగు వేసినది అడుగున విరిగి పులుసైపోయింది. నూనె వేసినది రుచిగానే ఉంది గానీ ఇంట్లో మూకుడులో వేయించినట్టు ఉంది, వెదురు వాసన నూనె కింద అణిగిపోయింది. గరం మసాలా అర స్పూను దాటినా ఇదే తంతు. చాలామంది ఇంట్లో కోడికూరకు వేసినంత మసాలా ఇందులోనూ దట్టిస్తారు. అప్పుడిక బొంగెందుకు, కుక్కరు చాలు.

బిరడా సంగతి. అడ్డాకులు దొరికితే నాలుగైదు ఆకులు మడిచి చుట్టి, రెండంగుళాల మందాన దూర్చాలి. దొరక్కపోతే అరిటాకును మంట మీద ఒక్కసారి తిప్పి మెత్తబరిచి వాడొచ్చు, వాడ్చకపోతే మడతలో చిరుగుతుంది. చెక్కతోనో మైదాపిండితోనో బిగించకూడదు. ఆకు సందుల్లోంచి ఆవిరి మెల్లగా పోతుండాలి. లేకపోతే బిరడా ఎగిరి మసాలా మొహాన పడుతుంది. చికెన్‌కీ ఆకుకీ మధ్య ఒక అంగుళం ఖాళీ ఉంచాలి. ముక్కల్ని రోకలితో దంచినట్టు కూరితే ఆవిరి తిరగక నడిమి ముక్కలు పచ్చిగా ఉంటాయి. బొంగును నేలకు రెండుసార్లు తట్టి సర్దితే చాలు.

మూడో విడత – కార్తీకం, 3 బొంగులు

వనభోజనాలు కాబట్టి మాంసం లేదు, ఉల్లి వెల్లుల్లి లేవు. కొత్త బొంగులే వాడాలి, కోడి వండిన బొంగు ఎలాగూ రెండోసారికి పనికిరాదు.

బంగాళాదుంప, గుత్తి వంకాయ చీలికలు, పచ్చి బఠాణీ కలిపి అల్లం, పచ్చిమిర్చి, ధనియాల పొడితో పెట్టింది అరగంటలో బాగా ఉడికింది. కూరల్లో కొవ్వు లేదు కాబట్టి దీనికి మాత్రం ఒక స్పూను నెయ్యి కావాలి. పనీరు మొదట్లోనే వేస్తే రబ్బరులా అయింది, వద్దు.

అన్నం మొదటిసారి చెడింది: నానబెట్టిన బియ్యం బొంగు నిండా పోయడంతో ఉబ్బి బిరడాను నెట్టేసింది, పైవరుస పలుకు. రెండోసారి ఒక గ్లాసు చిట్టిముత్యాల బియ్యం అరగంట నానబెట్టి వార్చి, ఒకటింపావు గ్లాసు నీళ్ళతో, బొంగులో మూడింట రెండు వంతులు దాటకుండా పోశాం. నలభై నిమిషాలకు కుదిరింది కానీ గోడకు అంటుకుంది. మలేషియాలో కొబ్బరిపాలతో బొంగులో అన్నం వండే లెమాంగ్‌కి లోపల అరిటాకు చుట్టగా పరుస్తారు, అది చేస్తే ఈ బాధ తీరుతుంది. అస్సాంలో సుంగా సావుల్ అని ఇలాగే బొరా బియ్యంతో చేస్తారు. ఆ జిగురు బియ్యం చల్లారాక ముద్దగా కోసి తినడానికి వీలుగా ఉంటుంది, మన బియ్యం పొడిపొడిగానే ఉంటుంది.

నాలుగో విడత – నవంబరు చివర, 4 బొంగులు

ఇది మంట పరీక్ష, అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఇదే. మసాలా ఒకటే, నాలుగు బొంగులూ నాలుగు తీరులు.

నిప్పుల మీద పడుకోబెట్టినదాంట్లోంచి రసం బిరడా గుండా కారిపోయింది. నిలువుగా నాటినది అడుగున మాడి, పైన పచ్చిగా మిగిలింది. ఏటవాలుగా రాయి మీద ఆనించి పెద్ద మంటలో పెట్టినది పైకి నల్లగా అయింది గానీ లోపల ఇంకా సమయం కావాలి. నాలుగోది సరైనది: మంట తగ్గి కణకణలాడే నిప్పులయ్యాక, మూతి వైపు ఓ జానెడు ఎత్తుగా ఉండేలా ఇటుక మీద ఆనించి, ఐదు నిమిషాలకోసారి పావు చుట్టు తిప్పుతూ నలభై నిమిషాలు.

నిప్పులకు చింత, తుమ్మ, సరుగుడు మంచివి. కట్టెలు అంటించిన అరగంట దాకా బొంగులు పెట్టే తొందర వద్దు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు, డీజిల్ దగ్గరికి రానివ్వకూడదు, ఆ వాసన ఆకు గుండా లోపలికి పోతుంది.

బొంగును చూస్తూ కూర్చుంటే అదే చెబుతుంది. ఐదారు నిమిషాలకు కోసిన అంచు దగ్గర చెమట పట్టినట్టు బుడగలు వచ్చి సుయ్‌మని శబ్దం. పది నిమిషాలకు ఆకుపచ్చ పోయి పసుపు, తర్వాత గోధుమ రంగు మచ్చలు. పదిహేను నిమిషాల ప్రాంతంలో ఆకు మధ్యలోంచి సన్నటి ఆవిరి, మొదట పచ్చి అల్లం వాసన. అరగంటకు ఆ పచ్చివాసన పోయి, ఉడికిన కూర వాసనతో పాటు చెరుకు కాల్చినట్టు ఒక తియ్యటి వాసన వస్తుంది. ఆవిరి బాగా సన్నగిల్లాక ఇంకా ఉంచితే అడుగు అంటుతుంది.

వాసన మీద నమ్మకం కుదిరే దాకా సూది థర్మామీటరు పెట్టి చూడటమే మంచిది. ఆకు పక్కనుంచి గుచ్చి ముక్క నడుమ 74 డిగ్రీల సెల్సియస్ దాటిందో లేదో చూడాలి. నిప్పులకు ఎడంగా ఉండే మూతి వైపే అన్నిటికన్నా చల్లగా ఉంటుందని దీనివల్లే తెలిసింది: అడుగున 90 దాటినప్పుడు మూతి దగ్గర 66 మాత్రమే. అప్పటినుంచి ఆఖరి పది నిమిషాలు నిప్పుల్ని మూతి వైపుకి లాగుతున్నాం.

ఐదో విడత – డిసెంబరు, 4 బొంగులు

నాటుకోడి. ముదురు కోడి గంటంపావుకు కూడా నమలలేనట్టే ఉంది, ఈలోగా రెండు బొంగులు కాలి పగిలాయి. ఐదారు నెలల పెట్టతో, చెంచాడు పచ్చి బొప్పాయి ముద్ద కలిపి గంట నానబెడితే యాభై ఐదు నిమిషాల్లో అయింది. రాత్రంతా బొప్పాయిలో ఉంచకూడదు, పైపొర పిండిలా అవుతుంది. రుచికి నాటుకోడే మిన్న. పద్నాలుగు మందితో ప్రయాణంలో మాత్రం ఫారం కోడే తీసుకెళ్ళాలని తీర్మానం.

ఆరో విడత – జనవరి, మారేడుమిల్లి, 6 బొంగులు

రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం మీదుగా సుమారు 85 కిలోమీటర్లు. అరకిలో బొంగు అన్నంతో ముగ్గురికి వస్తుంది. పద్నాలుగు మందికి ఐదు, పగిలితే అక్కరకు ఒకటి. రిజర్వ్ ఫారెస్టులో నిప్పు పెట్టడమూ వెదురు నరకడమూ నేరం. అందుకని బొంగులు అక్కడి అమ్మకందారుల దగ్గరే కొన్నాం, పొయ్యికి అనుమతి ఉన్న బస ఆవరణనే వాడాం.

చికెన్ తీసుకెళ్ళిన పద్ధతి: ముందురోజు రాత్రి నిమ్మరసం తప్ప అన్నీ పట్టించి, అరకిలో చొప్పున ఆరు జిప్ కవర్లలో పరిచి ఫ్రీజరులో గడ్డకట్టించాలి. ఐస్ బాక్సులో కింద ఐసు, మధ్య కవర్లు, పైన ఐసు, మొత్తం మూడు కిలోల చికెన్‌కి మూడు కిలోల ఐసు. నాలుగు గంటల తర్వాత తీసినా చల్లగానే ఉంటుంది. పొయ్యి అంటించినప్పుడు బయట పెడితే బొంగులో కూరే వేళకు కరుగుతుంది. గడ్డగా ఉన్న ముక్కను మాత్రం కూరకూడదు. నిమ్మరసం అప్పుడు పిండాలి, రాత్రే పిండితే పులుపుకి మాంసం బిగుసుకుని పొట్టులా అవుతుంది.

ఆరు బొంగులకు నాలుగడుగుల పొడవున నిప్పుల వరుస కావాలి, ఒక్కో బొంగుకు అరచేతి వెడల్పు ఎడం ఉంటే తిప్పడానికి వీలు. తిప్పే పని ఇద్దరికి అప్పగించాలి, అందరూ తిప్పితే ఏది ఎటు తిరిగిందో తెలియదు. బొంగు మీద బొగ్గుతో ఒక గీత గీస్తే తికమక ఉండదు. నలభై రెండు నిమిషాలు పట్టింది. దించాక ఐదు నిమిషాలు ఆగి, పైమసిని తడిగుడ్డతో తుడిచి, ఆకు లాగి అరిటాకు మీదకి వంపాలి. ఫొటో కోసం కత్తితో నిలువునా చీలిస్తే ఈనెల్లాంటి పేళ్ళు ముక్కల్లో పడతాయి. పిల్లలు తినే చోట అది అసలు వద్దు.

తోడుగా అక్కడి జీలుగు కల్లు ఉదయం దించినది ఉదయమే తాగాలి, మధ్యాహ్నానికి పులుస్తుంది. సీసాలో బిగించి కారులో పెడితే పొంగి మూత ఎగిరిపోతుంది, పులిసే కొద్దీ గ్యాసు తయారవుతూనే ఉంటుంది. వైన్ ఇష్టపడేవాళ్ళకు ఐస్ బాక్సులో కాస్త తీపి ఉన్న నాసిక్ షెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్ పెట్టుకెళ్ళడం బాగా కుదిరింది. వగరు రెడ్ వైన్ పచ్చిమిర్చి మంటను ఇంకా పెంచుతుంది. డ్రైవింగ్ చేసేవాళ్ళకు మాత్రం రెండూ లేవు, వాళ్ళకు అరకు కాఫీ.

ఆరింట్లో ఐదు బాగా కుదిరాయి. ఒక్కదాంట్లో లోపలి తెల్లటి పలుచని పొర ఊడి ముక్కలకు అంటుకుంది. తింటే ఏమీ కాదు గానీ నోటికి కాగితంలా తగులుతుంది. వేన్నీళ్ళు పోసి, చివర గుడ్డ చుట్టిన కర్రతో లోపల రెండుసార్లు రుద్దితే ఆ పొర వచ్చేస్తుంది. మిగతా ఐదింటికీ అలాగే చేశాం, దాన్ని మర్చిపోయాం. ఏడో విడతకి అదే మొదటి మాట: రుద్దిన బొంగుకే బొగ్గు గుర్తు పెట్టాలి, గుర్తు లేనిదాంట్లో చికెన్ కూరకూడదు.