కార్తీకంలో ఫోన్లో చేపలు

ఏడు నెలలుగా పాలు, నెయ్యి కూడా మానేశాను. మాంసం మానితే పాలకొల్లులో ఎవరూ అడగరు, కార్తీకమాసం వస్తే మా వీధిలో సగం మంది మానేస్తారు. పాలతోనే వచ్చింది గొడవ. "క్షీరారామం ఉన్న ఊళ్ళో పుట్టి పాలొద్దంటావేంట్రా!" అంటుంది అమ్మ.

నిన్న రాత్రి స్టార్‌డ్యూ వ్యాలీ ఆడుతున్నా. 2016లో వచ్చింది, ఒక్కడే కూర్చుని తయారుచేసిన వ్యవసాయం గేమ్. అందులో ఆవుల్నీ కోళ్ళనీ కోయడానికి వీల్లేదు. నాకు నచ్చిందే అది. చేపలు మాత్రం పట్టొచ్చు (ఇదేం న్యాయమో!). గాలానికి చేప తగిలి లాగుతుంటే అమ్మ వెనక నుంచి చూసింది. "కార్తీక సోమవారం పూట చేపలేంట్రా, ఆపు." ఆపేశాను.

మావయ్య అయితే ఈ నెలంతా ఉల్లిపాయ కూడా ముట్టడు. తెల్లారకుండానే కాలవలో అరటిదొప్ప దీపం వదిలి, ఆ తడి పంచెతోనే వనామీ చెరువు గట్టెక్కి రొయ్యలకి మేత చల్లిస్తాడు. భక్తి వేరు, బిజినెస్ వేరట. ఒకప్పుడు దొంగభక్తి అనుకునేవాణ్ణి. ఫోన్లో చేపలు పట్టే నేను ఇప్పుడేమంటాను?

ఇవాళ అత్తయ్య నాకోసం ఆవ పెట్టిన కంద బచ్చలి కూర పంపింది. "నెయ్యి తగల్లేదు, తిను" అని కబురు కూడా.