గీత నిలబడింది

హనుమకొండలో తుక్కు కింద తూకానికి పోతున్న పాత ఆసిలోస్కోప్‌ను (కరెంటు సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపించే పరికరం) ఇంటికి తెచ్చాను. ఆన్ చేస్తే తెర మీద గీత అలలా ఊగుతోంది. గీత ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే ట్రిగ్గర్‌ను ‘లైన్’కి, అంటే ఇంటి కరెంటు లయకి మార్చగానే అల కదలకుండా నిలిచింది. అంటే రోగం కరెంటు వైపే! అలకీ అలకీ మధ్య 10 మిల్లీసెకన్లు, అంటే 100 హెర్ట్జ్. మన 50 హెర్ట్జ్ కరెంటు, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి రెక్టిఫయర్ దాటితే రెట్టింపయ్యే లెక్క అది. అంటే ఆ అలల్ని చదును చేయాల్సిన ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయింది. పాపం, తన జబ్బు తనే గీసి చూపించింది.

మూత తీయాలంటేనే టెన్షన్. పిక్చర్ ట్యూబ్ దగ్గర వేల వోల్టులు, ప్లగ్ పీకినా ఛార్జి వెంటనే పోదు. ఆ ఛార్జిని రెసిస్టర్‌తో దించి, మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టాను. కొత్త కెపాసిటర్ అతికేసరికి రాత్రి పదకొండు.

గీత తిన్నగా వచ్చింది. ప్రోబ్‌ను (కొలిచే తీగను) స్కోప్‌లోనే పరీక్ష సిగ్నల్ ఇచ్చే కాలిబ్రేటర్‌కి తగిలిస్తే 1 కిలోహెర్ట్జ్ చదరపు అల, మూలలు కూడా చెదరలేదు. అమ్మ తొంగి చూసి, “గింతేనా? బొమ్మ రాదా?” అంది.