జియోఫోన్ లాగ్: కత్తిరించేటప్పుడు జారిపోయిన ఒక్క శాంపిల్

తిరుచానూరు దగ్గర మా ఇంటి వెనక స్థలంలో రెండు జియోఫోన్లు (నేల అదురును పట్టే సెన్సర్లు) పాతాను. మధ్య దూరం 12 మీటర్లు. ఇనుప పలక మీద సమ్మెటతో కొట్టి, ఆ అదురు ఒకదాన్నుంచి రెండోదానికి చేరడానికి ఎంతసేపు పట్టిందో చూస్తే, మా నేలలో దాని వేగం తెలుస్తుంది. రైలు పట్టాలు దగ్గరే, కాబట్టి పద్మావతి ఎక్స్‌ప్రెస్ అదురు కూడా పట్టాలని ఉంది. ముందు సమ్మెట పని తేలాలి.

శనివారం

20 దెబ్బలు కొట్టాను. సెకనుకు 100 శాంపిళ్లు (అదురు కొలతలు), అంటే ఒక్కోటి 10 మిల్లీసెకన్లు. చాలా దెబ్బలకు తేడా 40 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు 300 మీటర్లు. కొన్నింటికి మాత్రం 30 వచ్చింది (400 మీటర్లు), ఇంకొన్నింటికి 50 (240 మీటర్లు). నేల తడి వల్లనేమో అనుకుని జియోఫోన్లు పీకి మళ్లీ పాతాను. సగటు తీస్తే 40కి దగ్గరగానే వస్తోంది, అందుకే రికార్డింగుల్లోంచి ఒక్కో దెబ్బ ముక్కని కత్తిరించే నా పైథాన్ స్క్రిప్టు మీద అనుమానం రాలేదు.

ఆదివారం

పలక సర్దడానికి వచ్చిన చిన్నాన్న కొడుకు స్క్రీన్ చూసి అడిగాడు: "అన్నా, కత్తిరించకముందు నలభయ్యే ఉంది గదా, కత్తిరించినాక ముప్పై ఎట్లయింది?"

తప్పు అక్కడే దొరికింది. ఏడో దెబ్బ చూడండి. రెండో రికార్డింగ్ మొదటిదానికంటే 10 మిల్లీసెకన్లు ఆలస్యంగా మొదలైంది. దెబ్బ పడిన క్షణాన్ని చెప్పే సమ్మెట స్విచ్ ఇచ్చిన టైమ్ 125 మిల్లీసెకన్లు. మొదటి ఫైల్లో అది 12.5వ శాంపిల్, రెండో ఫైల్లో 11.5వది. పైథాన్‌లో పూర్ణాంకానికి సవరించే రౌండ్ సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు పోతుంది, కాబట్టి రెండూ 12 అయ్యాయి. మొదటి ముక్క 120 దగ్గర తెగింది, రెండోది 130 దగ్గర. రెంటినీ సున్నా నుంచి గీస్తే 40 కాస్తా 30 అయింది. స్విచ్ టైమ్ 135 అయిన చోట తిరగబడి 50 వచ్చింది.

ముక్క పొడవు లెక్కలో ఇంకో తప్పు. 0.29 సెకన్లను 100తో గుణిస్తే ఫ్లోట్‌లో (కంప్యూటర్ దశాంశాల్ని సుమారుగా దాచే పద్ధతి) 28.999999999999996 వస్తుంది. దశాంశం కోసేస్తే 28, ఒక శాంపిల్ పోయినట్టే.

సోమవారం రాత్రి

టైమ్ అంతా పూర్ణాంక నానోసెకన్లలోకి మార్చాను. మన లెక్కలో ఒక శాంపిల్ సరిగ్గా కోటి నానోసెకన్లు, గుర్తుపెట్టుకోవడం తేలిక. కత్తిరింపుకి ఒకటే నియమం: అడిగిన టైమ్‌కి గానీ, దాని తర్వాత గానీ వచ్చే మొదటి శాంపిల్. దానికోసం అడిగిన టైమ్‌కీ ఫైల్ మొదలైన టైమ్‌కీ ఉన్న తేడాకి 99,99,999 కలిపి, కోటితో పూర్ణాంక భాగహారం చేస్తే చాలు. ఏడో దెబ్బకి ఇప్పుడు రెండు ముక్కలూ 130 దగ్గరే మొదలవుతున్నాయి. చివరి టైమ్ దగ్గరున్న శాంపిల్‌ని కలపను. కలిపితే 2 సెకన్లకు 200 బదులు 201 వస్తాయి, పక్క ముక్కతో అతికించినప్పుడు ఆ ఒక్కటీ రెండుసార్లు పడుతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా, ప్రతి ముక్కలో నేను అడిగిన టైమ్ కాకుండా మొదటి శాంపిల్ అసలు టైమ్ రాస్తున్నాను. పాత స్క్రిప్టులో ఇదొక్కటి ఉన్నా గ్రాఫ్ జరిగేది కాదు.

మీ దగ్గర 1970 నుంచి లెక్కపెట్టిన సెకన్లు 32 బిట్ ఫ్లోట్‌లో ఉంటే వెంటనే మార్చండి. ఇప్పటి విలువల దగ్గర దాని మెట్టు, అంటే పక్కపక్క విలువల మధ్య తేడా, 128 సెకన్లు. 64 బిట్‌లో సుమారు 0.24 మైక్రోసెకన్లు, నా పనికి అది చాలు. కానీ సగం దగ్గర రౌండింగ్ సమస్య అక్కడా ఉంటుంది.

పాత 20 దెబ్బలూ మళ్లీ కత్తిరించాను. అన్నిటికీ 40. ఇక సెకనుకు 500 శాంపిళ్లకు పెంచి, 2 మిల్లీసెకన్ల మెట్టుతో వచ్చే ఆదివారం మళ్లీ కొడతాను.