ఏడోసారీ ముక్కలే: ఇంట్లో హకాతా నూడుల్స్

శనివారం టోక్యో షింజుకులో ఇచిరన్ అనే రామెన్ హోటల్లో హకాతా నూడుల్స్ తిన్నాను, జపాన్‌లోని హకాతా తరహా సన్న నూడుల్స్. అదే నా కొంప ముంచింది. అటూ ఇటూ చెక్క అడ్డాలు, ఎదురుగా వెదురు తెర, ధ్యాసంతా గిన్నె మీదే. చీటీలో నూడుల్స్ గట్టిగా కావాలని గీత పెట్టాను, అయిపోయాక కాఎదమ, అంటే మిగిలిన పులుసులోకి మారు నూడుల్స్, కూడా తెప్పించుకున్నాను. పలుకు మీద దించిన అన్నంలా కొరికితే మధ్యలో సన్నగా తగులుతుంది. నాకు కావాల్సింది ఆ పలుకే.

ఆదివారం మళ్లీ మొదలు. టొన్‌కొత్సు, అదే పంది ఎముకల పులుసు, 12 గంటలు తెర్లి పాలలా తెల్లగా వచ్చింది. గుడ్డూ కుదిరింది. నూడుల్స్ మాత్రం షరా మామూలే.

బ్రెడ్ పిండి 200 గ్రాములు, నీళ్లు 60, ఉప్పు 2, నూడుల్స్‌కి సాగుడిచ్చే క్షారం కన్‌సుయి 2. ముద్ద కాలేదు, తడిపిన రవ్వలా ఉంది. సంచిలో కట్టి గంట ఉంచి మెషిన్‌లో తిప్పితే మొదటి రేకు అంచులు రంపప్పళ్లు. మడిచి నాలుగుసార్లు పంపాను. అంచులు కాస్త కలిశాయి గానీ మధ్యలో తెల్ల మచ్చలు, వేలితో నొక్కితే పొడి రాలింది. మందం 1.4 మిల్లీమీటర్లకు రాగానే అడ్డంగా తెగింది. చివరికి అన్నిటికంటే పొడుగు పోగు 11 సెంటీమీటర్లు. సేమ్యా ఉప్మాకి పనికొస్తుంది.

ఐదోసారి నీళ్లు 72 గ్రాములు పోశాను. రేకు పట్టులా వచ్చింది, కానీ 40 సెకన్లు ఉడికేసరికే పలుకు పోయింది.

మొదటి అనుమానం కన్‌సుయి మీదే. గిన్నె అడుగున తెల్లగా పేరుకుని ఉంది, కరగకుండానే పోసినట్టున్నాను. ఎంత మిగిలిందో తూచలేదు, బుద్ధి తక్కువ. గదిలో తేమ 28 శాతమే, ఈ చలికాలం పిండి ఇట్టే ఎండిపోతుంది. పైగా రామెన్ దుకాణాల్లో బరువైన రోలర్లుంటాయి, నాది చేత్తో తిప్పే అట్లాస్ 150 పాస్తా మెషిన్. దాన్నేమీ అనను, ఉన్నంతలో బంగారం. కాకపోతే దాని సన్న కట్టర్ 1.5 మిల్లీమీటర్లు. హకాతా నూడుల్స్‌కి వాడే 26 నంబర్ బ్లేడంటే పోగు వెడల్పుకి 30 మిల్లీమీటర్లని 26తో భాగించాలి, సుమారు 1.15. అన్నీ కుదిరినా నాది లావే. అలాగని పిండి బరువులో 40 శాతం నీళ్లు పోసి దాన్నే హకాతా అనే వీడియోలంటే నాకు ఒళ్లు మంట.

ఈసారి కన్‌సుయి ముందు రాత్రే కరిగిస్తాను. నీళ్లు 66 గ్రాములు, మూడు విడతలుగా చల్లి వేళ్ల కొసలతోనే కలుపుతాను. తర్వాత లావాటి ఊదోన్ నూడుల్స్ చేసేవాళ్లలా సంచిలో పెట్టి కాళ్లతో తొక్కుడే. కింది ఫ్లాట్ వాళ్లు పడుకోకముందే కానివ్వాలి.