పీసీఐ ఇరుకు దారిలో డేటాను కుదించి పంపడం: నా అనుభవం

600 కోట్ల మీటర్ రీడింగులు, ఒక్కోటి 32 బిట్ల పూర్ణాంకం, మొత్తం 24 జీబీ. 32 జీబీ ర్యామ్‌లో సరిపోయాయి కానీ ఆర్‌టీఎక్స్ 2070 గ్రాఫిక్స్ కార్డులో ఉన్నది 8 జీబీయే. అంటే మొత్తాలు కట్టే ప్రతి విడతా మొత్తం డేటా ముక్కలుగా పీసీఐ ఎక్స్‌ప్రెస్ (మదర్‌బోర్డుకీ కార్డుకీ మధ్య డేటా దారి) మీదుగా కార్డుకు వెళ్లాల్సిందే. కార్డు లోపల మెమరీ వేగం సెకనుకు 448 జీబీ. అక్కడికి చేరే దారి 3.0 తరం, 16 లేన్లు: లెక్క ప్రకారం 15.75 జీబీ, చేతికొచ్చేది 12. విడత విడతకీ సీపీయూ కొన్ని విలువలు దిద్దుతుంది కాబట్టి ముందే ఒకసారి కుదించి దాచుకునే వీలు లేదు. ఆ వీలున్నవాళ్లకు ఈ తంటాలో సగం తప్పుతుంది.

కుదింపు జోలికి వెళ్లే ముందు దారిని చూసుకోవాలి. మదర్‌బోర్డు మీద రెండో స్లాట్ చూడ్డానికి 16 లేన్లదే, లోపల వైర్లు మాత్రం నాలుగింటికే ఉండొచ్చు. లినక్స్‌లోని ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌లో లింక్ స్టేటస్ చూస్తే తెలుస్తుంది. కార్డు ఖాళీగా ఉన్నప్పుడు చూడకండి, కరెంటు ఆదా కోసం అది వేగాన్ని మొదటి తరానికి దించేసి ఉంటుంది. కాపీ నడుస్తుండగా చూడాలి. ఆ తర్వాత మెమరీ. మామూలు మాలాక్ (సీ భాషలో మెమరీ కేటాయించే ఫంక్షన్) బఫర్ నుంచి కాపీ చేస్తే డ్రైవర్ ముందు దాన్ని తన పిన్డ్ బఫర్‌లోకి (ర్యామ్‌లో కదలకుండా కట్టేసిన చోటు, కార్డు నేరుగా చదవగలిగేది) మార్చుకుని ఆ తర్వాత పంపుతుంది. నా దగ్గర అది 6 జీబీ దగ్గరే ఆగింది, ఎసింక్ (కాపీ అవుతుండగానే వేరే పని సాగేది) అని రాసినా సింక్ (కాపీ అయ్యేదాకా ఆగేది) లాగే నడిచింది. పిన్డ్ బఫర్‌తో 12 వచ్చింది. అంటే 24 జీబీకి 2 సెకన్లు. కుదింపు ఓడించాల్సింది ఈ 2 సెకన్లనే. మాలాక్ బఫర్‌తో పోల్చుకుని రెట్టింపు వేగం వచ్చిందని సంబరపడితే లాభం లేదు.

మొదట ఎల్‌జెడ్4 అనే కుదింపు పద్ధతి పెట్టాను. విప్పడంలో అది మెరుపే కానీ కుదించడంలో ఒక్కో కోర్‌కు సెకనుకు 600 ఎంబీ. ఎనిమిది కోర్లు కలిపినా 5 జీబీ దాటలేదు. కుదించడానికే 4.8 సెకన్లు పడితే 2 సెకన్ల పని ఎలా తగ్గుతుంది? పైగా ఎల్‌జెడ్4 కనీసం 4 బైట్లు అచ్చంగా మళ్లీ కనబడితేనే పట్టుకుంటుంది. పక్కపక్క రీడింగుల్లో కింది బైట్ ఎప్పుడూ మారుతూనే ఉంటుంది కాబట్టి పెద్దగా కుదించిందీ లేదు. అసలు వేగాన్ని తేల్చేవి మూడు: కుదించే వేగం, దారి వేగం ఇంటూ కుదింపు నిష్పత్తి, విప్పే వేగం. వీటిలో ఏది తక్కువైతే అదే మీ వేగం.

అందుకే తేలిక పద్ధతికి మారాను. 1,024 విలువలు ఒక బ్లాక్. అందులో కనిష్ఠాన్ని కనుక్కుని అన్నిటిలోంచీ తీసేసి, మిగిలినదానికి ఎన్ని బిట్లు కావాలో అన్నే రాయడం. నా డేటాకు ఎక్కువగా 13 బిట్లు సరిపోయాయి: 1,664 బైట్లు, 16 బైట్ల హెడర్‌తో 1,680. ముందు 4,096 ఉండేవి కాబట్టి నిష్పత్తి 2.44. బ్లాక్ 4 కేబీయే కాబట్టి ఎల్1 క్యాష్‌లో (సీపీయూలోని చిన్న, వేగమైన మెమరీ) ఉండిపోతుంది, కనిష్ఠం కోసం ఒకసారి, ప్యాకింగ్ కోసం ఇంకోసారి చదివినా ర్యామ్ వైపు వెళ్లదు. సీపీయూలోని ఏవీఎక్స్2 సూచనలతో ఎనిమిదేసి విలువలు ఒకేసారి ప్యాక్ అవుతాయి. పక్క విలువల తేడాలు రాసే డెల్టా పద్ధతి ఇంకా బాగా కుదిస్తుంది కానీ విప్పేటప్పుడు కార్డు మీద ప్రిఫిక్స్ సమ్ (ముందు విలువలన్నీ కూడుకుంటూ పోవడం) నడపాలి. టైమ్‌స్టాంప్ కాలమ్‌కు తప్ప అది వాడలేదు.

కార్డు మీద విప్పడం సులువే. ఒక్కో థ్రెడ్ తన విలువ ఏ బిట్ దగ్గర మొదలవుతుందో లెక్కేసి, పక్కపక్కనున్న రెండు 32 బిట్ల పదాలు చదివి, ఫనెల్ షిఫ్ట్ (రెండు పదాలను కలిపి జరపడం), మాస్క్ (కావాల్సిన బిట్లే ఉంచడం). చివరి బ్లాక్‌లో చివరి విలువకు మాత్రం ఆ రెండో పదం బఫర్ దాటిపోతుంది. చివర 16 బైట్లు అదనంగా వదిలితే సరి. విప్పినదాన్ని కార్డు మెమరీలో మళ్లీ రాయలేదు, అదే కెర్నల్‌లో (కార్డు మీద నడిచే ప్రోగ్రామ్) మొత్తాలు కట్టేశాను.

నన్ను బాగా తిప్పలు పెట్టిన తప్పు విలువకు 32 బిట్లు పట్టే బ్లాక్‌ది. మాస్క్ కోసం ఒకటిని 32 స్థానాలు జరిపి ఒకటి తీసేశాను. సీ భాషలో దానికి నిర్వచనమే లేదు. ఎక్స్86 సీపీయూ షిఫ్ట్ ఆ 32ను సున్నాగా తీసుకుంది, మాస్క్ సున్నా అయింది. క్యుడా (కార్డు కోడ్) వైపు అదే షిఫ్ట్ బిట్లన్నీ బయటికి తోసేసి సరైన మాస్కే ఇచ్చింది. కార్డు ఒప్పు, సరిచూడ్డానికి రాసుకున్న సీపీయూ కోడ్ తప్పు! వెతుకులాటంతా కార్డు వైపే సాగింది మరి.

అసలు 32 బిట్ల బ్లాకులు ఎందుకొచ్చాయంటే, రీడింగ్ లేనిచోట −2,147,483,648 పెట్టి ఉంది. బ్లాక్‌లో అలాంటిది ఒక్కటున్నా మిగతా 1,023 విలువలూ 32 బిట్లకు ఉబ్బిపోతాయి. వాటిని విడిగా తీసి, స్థానానికి 2 బైట్లు, విలువకు 4 బైట్లు చొప్పున బ్లాక్ వెనక చేర్చాను. గరిష్ఠంలోంచి కనిష్ఠాన్ని తీసేది కూడా అన్‌సైన్డ్‌లోనే (గుర్తు లేని సంఖ్యలుగా) చేయాలి, లేదంటే అక్కడ ఇంకో ఓవర్‌ఫ్లో (విలువ హద్దు దాటడం).

పంపడానికి మూడు పిన్డ్ బఫర్లు, వీటినే స్లాట్లు అంటున్నాను: ఒకటి నిండుతుంటే, ఒకటి దారిలో ఉంటుంది, ఒకటి కార్డు మీద విప్పబడుతుంది. స్లాట్‌ను మళ్లీ నింపే ముందు దాని కాపీ ఈవెంట్ (కాపీ ముగిసిందనే గుర్తు) కోసం ఆగాలి. ఇది మరిచిపోతే ఎర్రర్ రాదు, ఎప్పుడో ఒకసారి మొత్తాలు తేడా వస్తాయి. స్లాట్ 64 కేబీ అయితే కాపీకి 5.5 మైక్రోసెకన్లే, కాపీ మొదలుపెట్టే ఖర్చు అంతకంటే ఎక్కువ. అందుకని పెద్దదే మేలని 64 ఎంబీ పెట్టాను. కుదించని డేటా లెక్కలో వేగం సెకనుకు 17 జీబీ దగ్గర ఆగిపోయింది. దారి లెక్క ప్రకారం 29 రావాలి.

కోర్లు ఖాళీగానే ఉన్నాయి, నిండిపోయింది ర్యామ్. 29 జీబీ చదవాలి, 12 రాయాలి, రాయబోయే క్యాష్ లైన్లను ముందు చదవడానికి ఇంకో 12, కార్డు లాక్కునేది మరో 12. మొత్తం 65. రెండు చానెళ్ల డీడీఆర్4-3200కి లెక్క ప్రకారమే 51.2. స్లాట్‌ను 4 ఎంబీకి తగ్గిస్తే మూడూ కలిపి 12 ఎంబీ, సీపీయూలోని ఎల్3 క్యాష్‌లోనే తిరుగుతుంటాయి. కార్డు కూడా చాలావరకు అక్కడి నుంచే చదువుకుంటుంది. స్ట్రీమింగ్ స్టోర్లు (క్యాష్‌ను దాటి రాసే సూచనలు) వాడితే మాత్రం రాసింది నేరుగా ర్యామ్‌కు పోయి ఈ లాభం పోతుంది. ఒక్క స్లాట్ సైజు మార్పుతో 17 కాస్తా 23 అయింది, 24 జీబీ 1.04 సెకన్లలో వెళ్లింది.

24 బిట్లకు మించిన బ్లాకులను ఇప్పుడు ప్యాక్ చేయట్లేదు. హెడర్‌లో ఒక బిట్ పెట్టి ఉన్నదున్నట్టే పంపుతున్నాను. ఫ్లోట్ (దశాంశ సంఖ్యల) కాలమ్‌లన్నీ ఆ దారినే వెళ్తున్నాయి.