ముగింపు ముందే తెలిసిన కథలు రాసి బతకడం

ప్రేమ నవల కొనే పాఠకురాలికి చివరి పేజీలో ఏం జరుగుతుందో మొదటి పేజీ తిప్పకముందే తెలుసు. ఇద్దరూ ఒకటవుతారు. అమెరికాలో 1980లో మొదలైన రొమాన్స్ రచయితల సంఘం పెట్టిన నిర్వచనంలోనూ రెండే షరతులు: కథకు కేంద్రం ప్రేమే కావాలి, ముగింపు మనసు నింపేలా, ఆశ మిగిల్చేలా ఉండాలి. రెండో షరతు తప్పితే అది గొప్ప నవల కావచ్చు గానీ ఈ అరలో పెట్టే పుస్తకం కాదు. డిటెక్టివ్ నవల రాసేవాళ్లకు చివరిదాకా దాచుకోవడానికి హంతకుడి పేరైనా ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. "మరి ఇంతసేపూ ఎందుకు కలవలేదు?" అన్న ప్రశ్నకు నమ్మదగ్గ జవాబు చెప్పడంలోనే పనితనమంతా ఉంటుంది.

బతుకుతెరువు మాత్రం ఇంకోచోట ఉంది. పుస్తకం మూసిన మనిషి అదే రచయిత పేరుతో మరొకటి వెతుక్కోవాలి. నవల నిడివి, కలం పేరు, ఏడాదికి ఎన్ని రాయాలి, ఒప్పందంలో ఏ వాక్యం కొట్టేయించాలి, ఇవన్నీ ఆ రెండో పుస్తకం కొనిపించడం చుట్టూనే తిరుగుతాయి.

నెలనెలా వరసగా వచ్చే చిన్న నవలల శ్రేణికి రాసేటప్పుడు నిడివి మన ఇష్టం కాదు. సుమారు 50,000 మాటలు. విడిగా వచ్చే నవలైతే 80,000, 90,000 దాకా పోనిస్తారు. 50,000 మాటలంటే 1,600 నుంచి 1,700 మాటల సన్నివేశాలు ఓ 30. మొదటి మూడింటిలోపే ఇద్దరూ ఎదురుపడాలి. ఆలస్యమైతే చదివేవాళ్లు ముందు కనిపించిన ఎవరో స్నేహితుణ్ణి హీరో అనుకుని వాడిమీద మనసు పెట్టుకుంటారు. తర్వాత వాళ్లను మళ్లించడం కష్టం. పదిహేనో సన్నివేశం దగ్గర ఇక వెనక్కి తీసుకోలేని దగ్గరితనం ఏదో ఏర్పడాలి. ముద్దే కానక్కర్లేదు, ఎవరికీ చెప్పని సంగతి ఒకటి నోరు జారినా చాలు. 23, 24 దగ్గర తెగిపోవాలి. మళ్లీ కలవడానికి కనీసం నాలుగైదు సన్నివేశాలు ఉంచుకోవాలి. కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. 29 దాకా కొట్లాడించి ముప్పయ్యోదాంట్లో క్షమాపణ చెప్పించేస్తారు. మూడొందల పేజీల్లో తగిలిన దెబ్బ మూడు పేజీల్లో మానిందంటే ఎవరూ నమ్మరు.

అడ్డంకి సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. బలహీనమైన ప్రేమ నవలల్లో సగం అపార్థం మీదే నడుస్తాయి. ఆమె అతన్ని ఎవరితోనో చూస్తుంది, ఆ ఎవరో అతని చెల్లెలని చివర్లో తేలుతుంది. దీనికి ఒక పరీక్ష ఉంది. ఇద్దర్నీ ఓ గదిలో కూర్చోబెట్టి పావుగంట నిజం మాట్లాడించండి. కథ అక్కడితో అయిపోతే అది అడ్డంకి కాదు, కాలయాపన. ఉదాహరణకి, ఆమె ఓ చిన్న నాటక బృందం నడుపుతోంది, వాళ్ల రిహార్సల్ హాలు అతని కుటుంబానిది, అది అమ్మితే గానీ అతని తమ్ముడి అప్పు తీరదు. ఇది బయటి అడ్డంకి. ఇదొక్కటే ఉంటే ఎక్కణ్ణించో డబ్బు తెచ్చి తీర్చేయొచ్చు, కథ లాటరీ టికెట్ మీద ఆధారపడుతుంది. లోపలిది కూడా కావాలి. ఆమె ఎవరి సాయమూ తీసుకోదు, తీసుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు తర్వాత లెక్క అడిగారు. అతనికేమో మనిషిని నిలబెట్టుకోవడమంటే డబ్బు సర్దడమే, ఇంకో దారి నేర్చుకోలేదు. ఇప్పుడు పావుగంట నిజం మాట్లాడుకుంటే గొడవ పెరుగుతుంది తప్ప తగ్గదు. నవలకు కావాల్సింది అదే.

నడుమ చతికిలబడటం ఇంకో జబ్బు, సాధారణంగా పదో సన్నివేశానికీ ఇరవయ్యోదానికీ మధ్య. ఒకే తగాదా మూడు చోట్ల జరుగుతుంది: ఓసారి ఆఫీసులో, ఓసారి పెళ్లిలో, ఓసారి వానలో. చోటు మారింది కాబట్టి కథ కదిలిందని రాసేవాళ్లకు అనిపిస్తుంది. ప్రతి సన్నివేశం కింద ఒక వాక్యం రాసి పెట్టుకోండి: ఇది ముగిసేసరికి ఒకరి గురించి ఇంకొకరికి కొత్తగా ఏం తెలిసింది? ఆ వాక్యం రాయలేకపోతే దాన్ని ముందుదానితో కలిపేయండి. ఎవరి కళ్లతో చెప్పాలన్న దానికీ సులువైన సూత్రముంది. ఆ సన్నివేశంలో ఎవరికి ఎక్కువ నష్టమో వాళ్ల కళ్లతో. సన్నివేశం మధ్యలో రెండోవాళ్ల తలలోకి దూకితే ఉత్కంఠ చచ్చిపోతుంది, ఎందుకంటే అతనూ ప్రేమిస్తున్నాడని ఆమె కంటే ముందు మనకు తెలిసిపోతుంది.

ఒక కుటుంబంలోని అన్నదమ్ములకో, ఓ స్నేహబృందానికో తలా ఒక నవల చొప్పున వరసగా రాసేటట్టయితే మొదటి పుస్తకంతోనే ఒక నోటుపుస్తకం తెరవాలి. వయసులు, పుట్టినరోజులు, కళ్ల రంగు, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారు, ఏ సంఘటన ఏ వారం జరిగింది. గర్భిణి పాత్ర ఉంటే వారాలతో సహా రాసుకోవాలి. పదకొండు నెలలు మోసిన తల్లులు అచ్చులో చాలామందే ఉన్నారు. మొదటి పుస్తకంలో కలిసిన జంట మూడోదాంట్లో అతిథుల్లా వస్తే సుఖంగానే కనిపించాలి. వాళ్లను విడగొట్టి కొత్త కథ అల్లితే పాత మాట తప్పినట్టే, పాఠకులు దాన్ని క్షమించరు.

ఇక వేగం. రోజుకు 1,000 మాటలు, వారానికి అయిదు రోజులు అనుకుంటే 50,000 మాటల చిత్తుప్రతికి 10 వారాలు. రెండు వారాలు పక్కన పడేసి, ఆపై నాలుగు వారాలు దిద్దుకుంటే 16. ఏడాదికి మూడు నవలలకు 48 వారాలు, సరిపోయినట్టే ఉంది. అక్కడే చాలామంది సంతకం పెట్టేస్తారు. కానీ ఎడిటర్ ఉత్తరం వచ్చాక తిరగరాయడానికి రెండు వారాలు, భాష సరిచూసేవారి సందేహాలు తీర్చడానికి ఒకటి, అచ్చుకు ముందు సరిచూసే ప్రూఫులకు ఒకటి, నవలకు నాలుగు చొప్పున మరో 12 కావాలి. మొత్తం 60, ఏడాదికి ఉన్నవి 52. పైగా ఇవి మనకు వీలైనప్పుడు రావు, మూడోదాని చిత్తుప్రతి మధ్యలో మొదటిదాని ప్రూఫులు వచ్చి పడతాయి. రోజుకు 1,500 మాటలకు పెంచితే చిత్తుప్రతికి మూడేసి వారాలు కలిసొచ్చి లెక్క 51కి దిగుతుంది. ఓ జ్వరం వస్తే అదీ తప్పుతుంది. రెండింటికి ఒప్పుకుని మూడోది చేతిలో సిద్ధమయ్యాక అమ్ముకోవడం తెలివైన పని.

బ్రిటిష్ ప్రేమ నవలల రచయిత్రి బార్బరా కార్ట్‌లాండ్ ఒకే ఏడాదిలో 23 నవలలు పూర్తిచేశారు, మొత్తం 700 పైచిలుకు. ఆవిడ చేత్తో రాయలేదు, సోఫాలో పడుకుని చెబుతుంటే సెక్రటరీ రాసుకునేది. నోటితో చెప్పి రాయించడం ఇప్పుడు ఫోన్‌తోనూ అవుతుంది, మణికట్టు నొప్పులున్నవారికి అదే దారి. అయితే పేర్లు, విరామ చిహ్నాలు తప్పు పడతాయి. అదే రోజు సాయంత్రం సరిచేయకపోతే వారం తర్వాత ఏమన్నామో మనకే అర్థం కాదు.

కలం పేరు మోజు కోసం పెట్టుకునేది కాదు. అది పాఠకుడికి ఇచ్చే గుర్తు. అమెరికన్ రచయిత్రి జేన్ ఆన్ క్రెంట్జ్ ఆ పేరుతో నేటి కాలపు కథలు, అమాండా క్విక్ పేరుతో చారిత్రక కథలు, జేన్ కాజిల్ పేరుతో భవిష్యత్ లోకాల కథలు రాస్తారు. ఏ పేరు కొంటే ఏం దొరుకుతుందో కొనేవాళ్లకు తెలుసు. 1981లో మొదటి నవల అచ్చయిన మరో అమెరికన్ రచయిత్రి నోరా రాబర్ట్స్ రాసే వేగాన్ని ఒక్క పేరు మోయలేక 1995 నుంచి జె.డి. రాబ్ అనే రెండో పేరూ వచ్చింది. కలం పేరు ఎంచుకునేటప్పుడు అదే పేరుతో ఇంకో రచయిత ఉన్నారేమో వెతకండి. ఒప్పందం అసలు పేరుతో చేసుకోండి. ఆ కలం పేరు సొంతదారు ఎవరో అందులో స్పష్టంగా రాయించండి. పేరు ప్రచురణ సంస్థ చేతికి పోతే ఆ సంస్థను వదిలిన రోజున పాఠకులు కూడా అక్కడే ఉండిపోతారు.

ఒప్పందాల్లో అడ్వాన్స్ అంకె ఒక్కటే చూడటం పొరపాటు. అడ్వాన్స్ అంటే రాయల్టీలోంచి, అంటే అమ్మిన ప్రతి కాపీ మీద రచయితకొచ్చే వాటాలోంచి, తర్వాత మినహాయించుకునేలా ముందే ఇచ్చే సొమ్ము. ధర 100, రాయల్టీ 8 శాతం, అడ్వాన్స్ 40,000 అనుకోండి. 5,000 కాపీలు పోతే గానీ కొత్త డబ్బు రాదు. దుకాణాలకు 6,000 కాపీలు వెళ్లాయి, హమ్మయ్య అనుకుంటాం. కానీ వాపసు రావచ్చని 1,500 కాపీల సొమ్ము ఆపుతారు. లెక్కకు వచ్చేవి 4,500, అంటే 36,000. రాయల్టీ లెక్క ఆరునెలలకోసారి తేలుస్తారనుకుంటే, ఆ ఆరునెలలకు చెక్కు లేదు. ఏజెంటు ఉంటే వచ్చిన ప్రతి మొత్తంలో మామూలుగా 15 శాతం వారిది. వీటికంటే ప్రమాదం మూడు నవలలకు కలిపి ఒకే ఖాతా. మొదటిది అడ్వాన్స్‌కు మించి 20,000 తెచ్చినా, ఆ 20,000 ఇంకా అచ్చుకాని రెండో, మూడో నవలల అడ్వాన్స్ తీర్చడానికి పోతుంది. ఏ పుస్తకం లెక్క ఆ పుస్తకానిదేనని రాయించుకోవాలి. "తర్వాతి నవల ముందు మాకే చూపాలి" అనే వాక్యం ఉంటే ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో, ఏ తరహా నవలకు వర్తిస్తుందో చేర్పించాలి. హక్కులు తిరిగి వచ్చే షరతును "పుస్తకం దొరకనప్పుడు" అని వదిలేస్తే ఈ-బుక్ ఎప్పటికీ దొరుకుతూనే ఉంటుంది. "వరసగా రెండు లెక్కల కాలాల్లో ఇన్ని కాపీల కంటే తక్కువ అమ్మితే" అని అంకె వేయించాలి.

సొంతంగా ప్రచురించుకునేవాళ్లకు ఈ చిక్కులు లేవు, వేరే చిక్కులున్నాయి. అమెజాన్ 2007లో కిండిల్‌తోపాటు ఈ దారి తెరిచింది. పాఠకులు చందా కట్టి చదువుకునే పథకం ఒకటి 2014లో మొదలైంది, అందులో పుస్తకం పెడితే ఈ-బుక్‌ను 90 రోజులపాటు ఇంకెక్కడా అమ్మకూడదు. డబ్బు చదివిన పేజీలను బట్టి వస్తుంది. ఇక్కడ చూడాల్సింది వరస పుస్తకాల్లో ఎంతమంది ముందుకు సాగుతున్నారన్నది. మొదటిది 1,000 మంది కొని, రెండోది 500, మూడోది 400, నాలుగోది 340 మంది కొన్నారనుకోండి. అసలు గండి మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఉంది, బాగుచేయాల్సింది మొదటి పుస్తకం. ప్రతిదాని మీద 20 మిగిలితే ఒక కొత్త పాఠకురాలి విలువ 20 కాదు, 44.80. ప్రకటనకు మనిషికి 30 పెట్టినా నష్టం లేదన్నమాట. ఒక్క పుస్తకమే ఉన్నవారు అదే 30 పెడితే మునిగిపోతారు. నా లెక్కలో మూడో పుస్తకం రాకముందు ప్రకటనల జోలికి పోవడం దండగ.

ఈ వృత్తిలో రిటైర్మెంట్ ఉండదు, పాత పుస్తకాలు మాత్రం సంపాదిస్తూనే ఉంటాయి. 2000లో పోయేనాటికి కార్ట్‌లాండ్ దగ్గర అచ్చుకాని రాతప్రతులు 160 ఉన్నాయి. మనకు నాలుగున్నా సరే, వారసులకు ఒక కాగితం ఉండాలి. ఏ నవల ఏ పేరుతో వచ్చింది, ఏ భాషకు, ఏ రూపానికి హక్కులు ఎవరి దగ్గర ఎప్పటిదాకా ఉన్నాయి, రాయల్టీ ఏ ఖాతాలో ఏ నెలల్లో పడుతుంది, ఆన్‌లైన్ ఖాతాలు తెరిచేదెలా, సగం రాసినవాటిని ఇంకొకరు పూర్తిచేయవచ్చా కూడదా. ఏడాదికోసారి, పన్ను లెక్కలు తీసినప్పుడే, దాన్ని కూడా తిరగరాసి తేదీ వేయాలి.